ఒక పేరు, ఇద్దరు మనుషులు, ఒక ట్రాక్టర్ లోను

విజయనగరంలో నేను చేసేది ప్రధానంగా ఇన్‌కం టాక్స్, జీఎస్టీ పని. ఇంటి లోను ఫైలు కోసం వచ్చేవాళ్లలో కొందరికి రిటర్నుల కంటే ముందు క్రెడిట్ రిపోర్టు (మన పేరున ఉన్న అప్పులు, అవి కట్టిన తీరు చూపే చిట్టా) సంగతి చూడాల్సి వస్తుంది. అలా ఈ పని కూడా నా నెత్తిన పడింది. రిపోర్టులో తప్పు ఉందని ఎవరికైనా కనిపిస్తుంది. కానీ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తేల్చుకోకుండా డిస్ప్యూట్ (తప్పు సరిచేయమనే ఫిర్యాదు) పెడితే ఏమవుతుందో ఈ కేసులో స్పష్టంగా తెలిసింది, అందుకే రాస్తున్నాను. పేరు, ఊరు, ఉద్యోగం, మొత్తాలు మార్చాను. తప్పు ఎలాంటిది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నవి మాత్రం జరిగినవి జరిగినట్టే.

నేపథ్యం

క్లయింటుని అప్పలనాయుడు అందాం. అసలు పేరు ఇది కాదు గానీ అలాంటిదే. మా ఉత్తరాంధ్రలో బస్సెక్కి ఆ పేరు పెట్టి పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. నలభైకి దగ్గర వయసు. రాజాం దగ్గర పల్లె. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో టెక్నీషియను. జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ ఉంది, ఫారం 16 వస్తుంది. విజయనగరం శివార్లలో స్థలం కొన్నాడు. స్లాబు ఇల్లు వేసుకుందామని లోనుకి వెళ్తే బ్యాంకులో ఫైలు తెరవకుండానే 'సిబిల్ బాలేదు' అని పంపేశారు. మేనేజరు కాస్త మంచాయన కాబట్టి స్క్రీను ఇటు తిప్పి చూపించారట: ఎనిమిదేళ్ల కిందటి ట్రాక్టర్ లోను, మూడు లక్షల పైచిలుకు బాకీ, పక్కన 'రైటాఫ్' (ఇక వసూలు కాదని లెక్కల్లో కొట్టేసిన బాకీ) అని.

"ఆ ట్రాక్టరు ఏటో నాకు తెల్దండి. మాకున్నదే ఎకరం చెక్క, దానికి ట్రాక్టరెందుకు?" అన్నాడు నాతో. ఈ మాట ఆయన చాలామందితో అనుంటాడు. మాట నిజమే, కానీ దాన్ని ఎవరి ముందు ఏ కాగితంతో చెప్పాలో ఆయనకు తెలియలేదు.

నా దగ్గరికి వచ్చేలోపు మూడు పనులు జరిగిపోయాయి. బ్యాంకు కాదనగానే ఇంకో బ్యాంకు, తర్వాత ఒక హౌసింగ్ ఫైనాన్స్, ఆ తర్వాత ఫోన్‌లో వచ్చిన లోన్ యాప్, ఇలా వరసగా దరఖాస్తు పెట్టాడు. అప్పిచ్చే సంస్థ రిపోర్టు లాగిన ప్రతిసారీ అది ఎంక్వయిరీగా నమోదవుతుంది. తక్కువ కాలంలో అవి గుంపుగా కనిపిస్తే, చూసేవాడికి ఈ మనిషి డబ్బుకి ఇబ్బంది పడుతున్నాడనిపిస్తుంది, స్కోరు కూడా కొంత తగ్గుతుంది. మన రిపోర్టు మనం తీసి చూసుకుంటే ఆ నష్టం ఉండదు. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు: చూసుకుంటే తగ్గిపోతుందని భయం, అప్లై చేయడానికి మాత్రం వెనకాడరు.

రెండోది, 'సిబిల్ రిపేర్' చేస్తానని ఫోన్ చేసిన ఏజెంటుకి పదివేలు అడ్వాన్సు ఇచ్చాడు. ఆ ఏజెంటు రిపోర్టులో ఎర్రగా కనిపించిన ప్రతి ఖాతా మీదా ఒకేసారి డిస్ప్యూట్ పెట్టాడు. బాకీ మొత్తం తప్పు అని కారణం చూపించాడు. నెల తిరక్కుండానే అన్నిటికీ ఒకటే జవాబు: సంస్థ వివరాలు సరైనవేనని ధ్రువీకరించింది, మార్పు లేదు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైనది. ట్రాక్టర్ లోను ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ వసూలు మనిషికి ఎలాగో ఈయన నంబరు చేరింది. నలభై వేలు కడితే సెటిల్మెంట్ చేసి కాగితం ఇస్తామన్నాడు. "పోతే పోయింది బావా, కట్టేసి ఇల్లు మొదలెట్టు" అని బావమరిది సలహా. అప్పలనాయుడు నా దగ్గరకొచ్చింది ఆ నలభై వేలు కట్టాలా వద్దా అని అడగడానికే.

కట్టొద్దన్నాం, ఎందుకంటే

నలభై వేలు పెద్ద మొత్తమే గానీ, ఇరవై లక్షల ఇంటి లోను ఆగిపోయి ఉన్నప్పుడు మనిషికి చిన్నగానే అనిపిస్తుంది. అందుకే ఈ ప్రశ్న దగ్గర కాస్త నిదానంగా కూర్చున్నాం. కడితే ఏమవుతుంది? ఒకటి, ఆయన ఖాతా నుంచి ఆ లోను నంబరుకి డబ్బు వెళ్తే, రేపు 'ఈ అప్పు నాది కాదు' అనే మాటకి బలం ఉండదు. తనది కాని అప్పు ఎవరు కడతారు అని అవతలివాడు అడుగుతాడు. రెండు, కట్టినా ఆ లోను రిపోర్టులోంచి పోదు. 'రైటాఫ్' పోయి 'సెటిల్డ్' వస్తుంది, అంతే. పూర్తి బాకీ కట్టలేక తగ్గించుకున్నాడని దాని అర్థం. ఇంటి లోను చూసే మేనేజరుకి అదీ మచ్చే. అంటే డబ్బు పోయి, నిజం కూడా పోయి, మచ్చ మిగులుతుంది.

వసూలు మనిషి ఫోన్ చేస్తే ఏమనాలో కూడా అనుకున్నాం. 'ఆ లోను నాది కాదు, రాతలో మాట్లాడదాం' అని ఒక్క మాట, పెట్టేయడం. వాదించడం వద్దు, 'చూస్తాను' అనడం కూడా వద్దు.

మొదటి పేజీ

రిపోర్టు చేతికొస్తే అందరూ సీదా స్కోరు చూస్తారు, తర్వాత బాకీలు చూస్తారు. నేను ముందు చూసేది వ్యక్తిగత వివరాల పేజీ. అసలు కథ అక్కడే ఉంటుంది, ఎవరూ చదవరు.

అప్పలనాయుడి రిపోర్టులో ఆ పేజీ ఇలా ఉంది. పేరు సరే. పాన్ సరే. పుట్టిన తేదీ జులై 1, సరే. ఆ కింద ఓటరు కార్డు నంబర్లు రెండు. ఒకటి మూడు అక్షరాలు, ఏడు అంకెల కొత్త పద్ధతిది, ఆయన జేబులో ఉన్న కార్డుతో కలిసింది. రెండోది 'ఏపీ'తో మొదలయ్యే పాతకాలపు పొడుగు నంబరు. పాతకార్డు ఎప్పుడైనా ఉండేదా అని అడిగాను. ఇంటికెళ్లి ట్రంకుపెట్టె వెతికి తెచ్చాడు. ఉంది, కానీ దాని నంబరు వేరు. ఫోన్ నంబర్లు నాలుగు, వాటిలో ఒకటి ఆయన ఎప్పుడూ వాడనిది. చిరునామాలు మూడు, వాటిలో ఒకదానిలో ఊరు అదే గానీ వీధి పేరు వేరు.

ఒక మనిషికి రెండు ఫోన్లు, మూడు అడ్రసులు ఉండటం మామూలే. తనది కాని ఓటరు నంబరు ఉండటం మామూలు కాదు. ఇద్దరు మనుషుల ఫైళ్లు ఒకటిగా అతుక్కున్నాయని అప్పుడే అనుమానం వచ్చింది.

"మీ ఊళ్లో మీ ఇంటిపేరుతో ఇంకో అప్పలనాయుడు ఉన్నాడా?"

"ఇద్దరున్నారండి. ఒకాయన చనిపోయారు. ఇంకొకతను మా దాయాదే, మాకు వరసకి అన్నవుతాడు. ట్రాక్టరు తిప్పేవోడు."

పుట్టిన తేదీ కూడా అదేనా అని అడిగితే నవ్వేశాడు. ఇద్దరినీ ఒకే బడిలో ఒకే మాస్టారు చేర్చుకున్నారట. మా పల్లెల్లో ఒక తరం మొత్తానికి పుట్టిన తేదీ అమ్మ చెప్పింది కాదు, మాస్టారు రాసింది. జూన్ 1, జులై 1 తేదీల్లో పుట్టినవాళ్లు క్లాసుకి సగం మంది ఉంటారు. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్ నాలుగూ కలిశాక, పాన్ లేకుండా వచ్చిన పాత లోను ఏ ఫైలుకి చెందుతుందో మిషనుకి తెలియకపోవడంలో వింతేమీ లేదు.

బలంగా కనిపించి బలం లేనిది

అప్పలనాయుడికి ఒక వాదన బాగా నచ్చింది. ట్రాక్టర్ లోను చిరునామాలో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. తన ఆధార్‌లో విజయనగరం జిల్లా. 'జిల్లానే వేరు, ఇంకేం కావాలి సార్?' అన్నాడు.

ఇది పనికిరాదని చెప్పడానికి కొంత సమయం పట్టింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. ఎనిమిదేళ్ల కిందటి కాగితంలో అప్పలనాయుడి సొంత చిరునామా ఉన్నా అందులో శ్రీకాకుళం అనే ఉంటుంది. జిల్లా మారింది గానీ 532తో మొదలయ్యే పిన్‌కోడ్ అలాగే ఉంది. ముంబైలో కూర్చున్న కంపెనీ ఉద్యోగి దీన్ని ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు. కొట్టేశాక మనం పెట్టే మిగతా ఆధారాల్ని కూడా ఆ చూపుతోనే చూస్తాడు. అందుకని తర్వాత ఫైనాన్స్ కంపెనీకి రాసిన ఉత్తరంలో ఈ సంగతి రాయనే లేదు. బలహీనమైన ఆధారం కలిపితే కేసు బలపడదు, పలచబడుతుంది.

నాలుగు రిపోర్టులు ఎందుకు తీశాం

జనం నోట్లో అన్నీ 'సిబిల్'లే గానీ, మన దేశంలో రిజర్వ్ బ్యాంకు అనుమతితో వ్యక్తుల క్రెడిట్ సమాచారం పెట్టేవి నాలుగు కంపెనీలు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. అప్పిచ్చే సంస్థలన్నీ నాలుగింటిలోనూ సభ్యులై, నాలుగింటికీ సమాచారం పంపాలని 2015లో ఆదేశం వచ్చింది. ప్రతి కంపెనీ క్యాలెండరు సంవత్సరానికి ఒకసారి స్కోరుతో సహా పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఇది అమల్లో ఉంది. అంటే జనవరి నుంచి డిసెంబరులోపు నాలుగు పూర్తి రిపోర్టులు పైసా ఖర్చు లేకుండా వస్తాయి. వాటికి ఏజెంటు అక్కర్లేదు.

నాలుగూ తీస్తే కేసు తేలిపోయింది. ట్రాక్టర్ లోను రెండింటిలో ఉంది, రెండింటిలో లేదు.

ఫైనాన్స్ కంపెనీ నాలుగింటికీ ఒకే వివరాలు పంపుతుంది. ఆ వివరాల్లో అప్పలనాయుడి పాన్ ఉంటే లోను నాలుగింటిలోనూ ఆయన పేరునే కనిపించాలి. రెండింటిలో లేదంటే, పంపిన వివరాల్లో ఆయన పాన్ లేదన్నమాట. ఆ రెండు కంపెనీలు లోనుని దాయాది ఫైల్లోనే ఉంచాయి, మిగతా రెండు తెచ్చి ఈయన ఫైల్లో కలిపాయి. అంటే తప్పు అప్పిచ్చినచోట పుట్టలేదు, జతచేసినచోట పుట్టింది.

ఇది తేలడం ఎందుకు ముఖ్యమంటే, దీని మీదే దారి చీలుతుంది. లోను నాలుగింటిలోనూ ఈయన పాన్‌తో ఉండి ఉంటే, ఎవరో ఆయన కాగితాలు వాడి అప్పు తీసుకున్నారనుకోవాలి. అప్పుడు పోలీసు ఫిర్యాదు, సైబర్ మోసమైతే 1930కి ఫోను, కంపెనీలో మోసం ఫిర్యాదు, ఇలా వేరే దారి పట్టేవాళ్లం. ఇక్కడ మోసం లేదు. దాయాది తన పేరుతో తన ఓటరు కార్డు పెట్టి నిజాయితీగానే అప్పు తీసుకున్నాడు, కట్టలేకపోయాడు. అతని మీద కేసు పెడితే అన్యాయమూ అవుతుంది, మన పనీ జరగదు.

ఏజెంటు డిస్ప్యూట్ ఎందుకు ఓడిపోయింది

క్రెడిట్ సమాచార కంపెనీ న్యాయమూర్తి కాదు. 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టంలో 21వ సెక్షన్ సవరణ కోరే హక్కు ఇస్తుంది, 30 రోజుల గడువు పెడుతుంది. దానికే ఒక షరతు కూడా ఉంది: అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరించాకే సవరించాలి. కాబట్టి మనం డిస్ప్యూట్ పెడితే ఆ కంపెనీ చేసేది, మన ప్రశ్నని అప్పిచ్చినవాడికి పంపి జవాబు తెప్పించడం.

ఏజెంటు పెట్టిన ప్రశ్న: 'బాకీ మొత్తం తప్పు.' ఫైనాన్స్ కంపెనీలో ఎవరో ఒకరు ఆ లోను ఖాతా తెరిచి చూశారు. బాకీ మూడు లక్షల పైచిలుకు, సరిగ్గానే ఉంది. 'సరైనదే' అని జవాబిచ్చారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకి అది నిజమైన జవాబే. ఆ లోను ఈ మనిషిదేనా అని ఎవరూ అడగలేదు, వాళ్లూ చూడలేదు.

డిస్ప్యూట్ ఫారంలో ఖాతా వివరాల తప్పు, ఖాతా నాది కాదు, ఒకే ఖాతా రెండుసార్లు పడింది, ఇలా రకాలు వేరువేరుగా ఉంటాయి. మనం ఎంచుకున్న రకాన్ని బట్టే అవతల ప్రశ్న వెళ్తుంది. ఇక్కడ ఎంచుకోవాల్సింది 'ఖాతా నాది కాదు'. అది మార్చి పెట్టేస్తే సరిపోతుందా అంటే, ఒకసారి 'సరైనదే' అని జవాబిచ్చిన ఖాతా మీద రెండోసారి కూడా అదే బటను నొక్కే అవకాశం ఎక్కువ. అందుకని డిస్ప్యూట్ కంటే ముందు ఫైనాన్స్ కంపెనీ చేత రాతలో ఒక మాట చెప్పించాలనుకున్నాం.

దాయాది దగ్గరకి ఎందుకు వెళ్లలేదు

ఊళ్లో పెద్దలు తేలిక దారి చెప్పారు: ఆ రెండో అప్పలనాయుడిని పిలిచి, 'ఆ లోను నాదే' అని నోటరీ అఫిడవిట్ రాయించమని. దాయాదులే కాబట్టి రాస్తాడన్నారు. రాస్తాడేమో కూడా. కానీ అప్పు ఎగ్గొట్టిన మనిషి చేత అప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టించడం అంటే వసూలు వాళ్ల ముందుకి మనం తోసినట్టే. రేపు వాళ్ల ఇంటిముందు గొడవ జరిగితే ఆ మాట తరతరాలు ఉండిపోతుంది. పైగా దాని అవసరం కూడా లేదు. ఎవరికి అప్పిచ్చారో చెప్పాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిది. వాళ్ల ఫైల్లో ఫొటో ఉంది, సంతకం ఉంది, తండ్రి పేరు కూడా రాసి ఉన్న ట్రాక్టరు ఆర్సీ ఉంది. అన్ని ఆధారాలూ వాళ్ల బీరువాలోనే ఉండగా మనం ఊళ్లో సాక్షుల్ని వెతకడం దేనికి?

ఇద్దరి తండ్రుల పేర్లు వేరు. నాకు కావాల్సింది అదొక్కటే.

ఉత్తరం

చిక్కేమిటంటే, ఆ ఫైల్లోది వేరే వ్యక్తి సమాచారం. అది మనకి ఇవ్వమంటే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. దీన్నే వాడుకోవాలని ఉత్తరం ఇలా రాశాం. ఇంగ్లీషులో రాసినదాని సారం ఇది:

'ఫలానా నంబరు ట్రాక్టర్ లోను నా క్రెడిట్ రిపోర్టులో నా పేరున కనిపిస్తోంది. నేను మీ దగ్గర ఏ లోనూ తీసుకోలేదు. నా పాన్, నా తండ్రి పేరు, నా ఓటరు కార్డు నంబరు, నా సంతకం నమూనా, ఫొటో జతచేశాను. ఈ లోను నాదేనని మీరంటే, రుణగ్రహీతగా నా లోను అగ్రిమెంటు కాపీ నాకు ఇవ్వండి. నాది కాదంటే, కాదని రాతపూర్వకంగా తెలిపి, క్రెడిట్ సమాచార కంపెనీలకు కూడా అదే తెలపండి. రెంటిలో ఏదో ఒకటి మీరు చేయాలి.'

నాన్ బ్యాంకింగ్ ఫైనాన్స్ కంపెనీలు రుణగ్రహీతకి అగ్రిమెంటు కాపీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు న్యాయ వ్యవహార నియమావళి (ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్)లో ఉంది. కాబట్టి 'నీదే, కానీ కాపీ ఇవ్వం' అనే మూడో జవాబుకి చోటు లేదు.

సంతకం నమూనాకి ఆయన జీతం ఖాతా ఉన్న బ్యాంకులో మేనేజరు ధ్రువీకరణ తీసుకున్నాం. ఆధార్ మాస్క్ చేసిన (చివరి నాలుగు అంకెలే కనిపించే) కాపీయే పెట్టాం. ఉత్తరం బ్రాంచికి కాకుండా, కంపెనీ వెబ్‌సైటులో ఉన్న గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి మెయిల్లో, స్పీడ్ పోస్టులో పంపాం. బ్రాంచిలో ఇస్తే అది వసూలు మనిషి టేబుల్ మీదకే వెళ్తుందని నా అనుభవం.

చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. అప్పలనాయుడికి టెన్షన్. స్లాబుకి ఇనుము రేటు పెరుగుతోందని రోజూ ఫోను. గడువు దాటితే ఏం చేయాలో ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాం: సంస్థకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి సంస్థల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి క్రెడిట్ సమాచార కంపెనీలు కూడా ఆ పథకం కిందకి వచ్చాయి. ఆ ఫిర్యాదు చిత్తు ప్రతిని జతచేసి గ్రీవెన్స్ అధికారికి గుర్తుచేస్తూ ఒక మెయిల్ పెట్టాం. బెదిరింపు మాటలేమీ లేవు, ఫలానా తేదీన దీన్ని దాఖలు చేస్తాం అని మాత్రమే.

జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మీరు పేర్కొన్న లోను ఖాతా వేరొక కస్టమర్‌కి సంబంధించినది కాబట్టి పత్రాలు ఇవ్వడం కుదరదు, అని.

అప్పలనాయుడు దిగాలుపడ్డాడు. 'ఇవ్వనన్నారు సార్' అన్నాడు. ఇంకోసారి చదవమన్నాను. ఇవ్వనన్నది సరే, ఎందుకివ్వరో అందులోనే ఉంది: వేరొక కస్టమర్‌ది. మాకు కావాల్సిన ధ్రువీకరణ అదే, కంపెనీ లెటర్‌హెడ్ మీద, అధికారి సంతకంతో.

ఆ తర్వాత

ఆ జవాబు జతచేసి, లోను కలిసిపోయిన రెండు క్రెడిట్ కంపెనీల్లోనూ 'ఖాతా నాది కాదు' అనే రకం కింద డిస్ప్యూట్ పెట్టాం. దానితోపాటే వ్యక్తిగత వివరాల్లో ఉన్న పరాయి ఓటరు నంబరు, ఫోన్ నంబరు, చిరునామా తీసేయమని విడిగా ఇంకో డిస్ప్యూట్. ఇది చాలామంది వదిలేస్తారు. లోను ఒక్కటే తీయించి ఆ నంబర్లు ఉంచేస్తే, దాయాది రేపు ఇంకో అప్పు తీసుకుంటే అదీ వచ్చి ఇక్కడే అతుక్కుంటుంది.

గడువు లెక్క ఇలా ఉంటుంది. ఫిర్యాదు 30 రోజుల్లో తేలాలి. అందులో అప్పిచ్చిన సంస్థ 21 రోజుల్లోపు సరిచేసిన వివరాలు పంపాలి. 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆలస్యం ఎవరిదైతే వాళ్లే కట్టాలి. 2023 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఈ ఆదేశం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సవరణ కుదరదంటే కారణం చెప్పాలన్నది కూడా ఆ ఆదేశంలోదే. ఒక క్రెడిట్ కంపెనీలో గడువులోపే లోను పోయింది. రెండోదానిలో ఫైనాన్స్ కంపెనీ ఆలస్యం చేసింది, అప్పలనాయుడి ఖాతాలో కొన్ని వందల రూపాయలు పడ్డాయి. ఇంటి లోను శాంక్షనైన రోజుకంటే ఆ మెసేజీ వచ్చిన రోజే ఎక్కువ సంబరపడ్డాడు.

మిగిలిన రెండు మచ్చలు

ట్రాక్టరు పోయినా స్కోరు ఒక్కసారిగా ఎగరలేదు. ఏజెంటు గంపగుత్తగా డిస్ప్యూట్ పెట్టిన వాటిలో ఇంకో రెండు ఖాతాలున్నాయి.

ఒకటి ఫ్రిజ్ కొన్న ఈఎంఐ లోను. అన్ని వాయిదాలూ కట్టేశాడు, కానీ 590 రూపాయలు బాకీ చూపిస్తూ ఖాతా ఇంకా తెరిచే ఉంది. చివర్లో ఒక నెల ఖాతాలో డబ్బు లేక వాయిదా బౌన్స్ అయింది, ఆ చార్జీ మిగిలిపోయింది. కట్టి, ఎన్‌వోసీ (బాకీ లేదన్న కాగితం) తీసుకుని పంపితే క్లోజ్ చేశారు. దీనిలో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రెండోది క్రెడిట్ కార్డు. కరోనా తర్వాత 2021లో బ్యాంకుతో మాట్లాడుకుని, సగానికి తక్కువ కట్టి వదిలించుకున్నాడు. రిపోర్టులో 'సెటిల్డ్' అని ఉంది. దీన్ని కూడా తీయించమన్నాడు అప్పలనాయుడు. ఇక్కడ నేను ఒప్పుకోలేదు. రిపోర్టులో నచ్చనిది వేరు, తప్పు వేరు. ఇది నిజం, కాబట్టి డిస్ప్యూట్ పెట్టినా నిలవదు. నిజమైన ఖాతాల మీద కూడా డిస్ప్యూట్లు పెడితే నిజమైన తప్పు మీద పెట్టినదాన్ని కూడా ఎవరూ పట్టించుకోరు. ఏజెంటు చేసిన అసలు హాని ఇదేనని నా అభిప్రాయం. పదివేలు పోవడం దాని తర్వాత.

మరి ఏం చేయొచ్చు? అప్పుడు బ్యాంకు వదులుకున్న మిగతా సొమ్ము ఇప్పుడు కడతామని, కట్టాక ఖాతాని 'క్లోజ్డ్'గా మార్చి పంపాలని అడగొచ్చు. ఒప్పుకోవాలన్న నిర్బంధం బ్యాంకుకి లేదు. వదులుకున్నది ఇరవై ఆరు వేలు. కట్టడం లాభమా? స్కోరు తక్కువైతే బ్యాంకులు వడ్డీ ఎక్కువ వేస్తాయి. ఇరవై లక్షల మీద ఇరవై ఏళ్లకి అర శాతం తేడా వచ్చినా లక్ష దాటుతుంది. ముందు బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంది, తర్వాతే కట్టాడు. ఈ వరస తిరగబడకూడదు: కాగితం ముందు, డబ్బు తర్వాత. పాత నెలల ఆలస్యాలు చరిత్రలో అలాగే ఉన్నాయి, వాటిని ఎవరూ చెరపలేరు. కాకపోతే రిపోర్టులో నెలవారీ చరిత్ర 36 నెలలదే కనిపిస్తుంది కాబట్టి, కాలమే కొంత పని చేసిపెడుతుంది.

ఈలోగా ఎక్కడా కొత్తగా అప్లై చేయొద్దని గట్టిగా చెప్పాను. 2025 జనవరి నుంచి సంస్థలు పదిహేను రోజులకోసారి వివరాలు పంపాల్సి వచ్చింది కాబట్టి, మునుపటిలా నెలల తరబడి ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. స్కోరు ఆరువందల లోపు నుంచి ఏడువందలు దాటాక, మొదట కాదన్న మేనేజరు దగ్గరకే వెళ్లాం. ఆయనకి కథ తెలుసు, అది మాకు సుఖం. ఫైనాన్స్ కంపెనీ జవాబు, డిస్ప్యూట్ ముగింపు కాగితం, కార్డు నో డ్యూస్, ఫైలుకి ముందు పెట్టి ఇచ్చాం. లోను వచ్చింది.

ఇప్పుడు నా పద్ధతి

ఈ కేసు తర్వాత, క్రెడిట్ రిపోర్టు పని మీద ఎవరొచ్చినా నాలుగు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడందే డిస్ప్యూట్ గురించి మాట్లాడటం లేదు. పుట్టిన తేదీ జూన్ 1, జులై 1, జనవరి 1 అని కనిపిస్తే, ఊళ్లో అదే పేరున్న వాళ్లెవరని అడుగుతున్నాను. పొడి అక్షరాలతో ఉన్న పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయించమంటున్నాను. పాత బంగారం లోన్లు, డ్వాక్రా, మైక్రోఫైనాన్స్ లోన్లు ఉన్న ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి, ఒకచోట పుట్టింటి పేరు, ఇంకోచోట అత్తింటి పేరు ఉంటే, ఒకే మనిషి ఫైలు రెండుగా చీలిపోయి, బాగా కట్టిన లోను చరిత్ర అంతా వేరే ఫైల్లో ఉండిపోతుంది. అది ఈ కేసుకి సరిగ్గా తలకిందులు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

అప్పలనాయుడి ఇంటికి లెంటెల్ దాకా గోడలు లేచాయి. జనవరిలో మళ్లీ ఉచిత రిపోర్టులు తీశాం. ట్రాక్టరు ఎక్కడా లేదు. ఒక కంపెనీ రిపోర్టులో మాత్రం 'ఏపీ'తో మొదలయ్యే ఆ ఓటరు నంబరు ఇంకా మొదటి పేజీలోనే ఉంది. దాని మీద డిస్ప్యూట్ మళ్లీ పెట్టాం, ప్రస్తుతం నడుస్తోంది.